ఒకే వరసలో ఆరుగురు

జగ్గమ్మ పోయిన పన్నెండోనాడు జగన్నాధం కాకులకంటే ముందు లేచి, మొహం కడుక్కుని, మనవరాలితో కలిసి లాజికల్ రీజనింగు లెక్కలు చెయ్యడానికి అరుగు మీద కూర్చున్నాడు. పెద్దదినం నాడు ఇదేం పనయ్యా అని ఎవరైనా అడిగితే ఆయన దగ్గర జవాబు సిద్ధంగా ఉంది. ఐసెట్ పరీక్షకి ఇంకా తొమ్మిది రోజులే ఉంది. సింధు ఎంసీఏలో చేరాలన్నది జగ్గమ్మ పట్టుదల. మంచం పట్టిన మూడు నెలల్లో కూడా రోజుకి ఇరవై ప్రశ్నలు చెయ్యందే ఆ పిల్లని అన్నానికి లేవనిచ్చేది కాదు. బతికుండగా ఊరుకోని మనిషి పోయాక మాత్రం ఊరుకుంటుందా అని ఆయన భయం.

జగ్గమ్మ చదివింది మూడో తరగతి. అయినా ఆ పుస్తకంలో రక్తసంబంధాల ప్రశ్నలు వచ్చాయంటే సింధు కలం మూత తీసేలోగా జవాబు చెప్పేసేది. ఓసారి సింధు ఇలా చదివింది: "ఫొటోలో ఉన్న మనిషిని చూపించి ఒకాయన, 'ఇతని తల్లి మా నాన్నకి ఏకైక సోదరి' అన్నాడు. ఫొటోలో మనిషి ఆయనకి ఏమవుతాడు?"

"మేనత్త కొడుకు. బావో, బావమరిదో. ముందెవుడు పుట్టినాడో సెప్పమను."

"పుస్తకంలో కజిన్ అని ఉంది నాన్నమ్మా."

"కజిన్ అంటే ఏటే? పిల్లనిస్తారా, ఇవ్వరా?"

"అది ప్రశ్నలో లేదు."

"అసలు ప్రశ్నే అది కదే," అని జగ్గమ్మ ఆ పుస్తకం రాసినవాడి మీద జాలిపడింది.

ఆవిడ పోయాక ఆ ఉద్యోగం జగన్నాధం నెత్తిన పడింది. నరసన్నపేటకి మూడు మైళ్ల దూరంలో ఉన్న ఆ ఊళ్లో ఆయనంత ఒబ్బిడిగా వరి పండించేవాడు లేడు గాని, ఈ లెక్కల్లో మాత్రం ఆయన గింజ పండించలేకపోయాడు. ఆ పూట వచ్చిన ప్రశ్న, ఆరుగురు మనుషులు ఒకే వరసలో కూర్చోవడం గురించి. ఎ అనేవాడు బి పక్కన కూర్చోడు. సి కీ డి కీ మధ్య ఇద్దరుండాలి.

"ఎందుకు కూకోడు? ఏటి తగువు?" అన్నాడు జగన్నాధం.

"తగువేం లేదు తాతా. కూర్చోడంతే."

"తగువు నేకుండా పక్కన కూకోకపోడమేటే. ఈళ్లకంటే మనోళ్లే నయం. కారణం ఉండి కూకోరు."

 ఆయనకి నిద్ర పట్టనివ్వని బెంగ అదే. జగ్గమ్మ తెలివిలో ఉండి ఆడిన ఆఖరి మాట ఇది: "నా పన్నెండో దినానికి ఏ ఒక్కలూ ఇస్తరి ముందునుంచి లెగిసిపోకూడదు. మాటియ్యి." ఆయన చేతిలో చెయ్యేసి మాటిచ్చాడు. ఇచ్చాక గాని తెలియలేదు, ఎంత బరువైన మాట ఇచ్చాడో. ఆ వంశంలో నలభై ఏళ్లుగా ఒక్క బంతి కూడా మజ్జిగ దాకా సాగలేదు. పప్పు దగ్గరే ఒకరు లేచిపోయేవారు. ఒకసారి పెళ్లికొడుకే లేచిపోయాడు. ఒకసారైతే వడ్డించేవాళ్లు కూడా అలిగి పోతే గంగాళాలు వాటంతటవే వడ్డించుకున్నాయని ఊళ్లో చెప్పుకుంటారు. అది నేను చూడలేదు.

సింధు తాత మొహం చూసి, పుస్తకం మూసి, తెల్లకాగితం తీసింది. "మనవాళ్లు కూడా సరిగ్గా ఆరుగురే తాతా. ఎవరి షరతులు ఏమిటో చెప్పు. ఈ పద్ధతిలోనే కూర్చోబెడదాం."

ఆ ఆరుగురి సంగతి ఇదీ. ఒకడు జగన్నాధం కొడుకు బంగారురాజు, అంటే సింధు తండ్రి. రెండు, కూతురు కాంతం. మూడు, కాంతం మొగుడు అప్పలసూరి. ఇతను జగ్గమ్మకి ఆఖరి తమ్ముడు కూడా. అక్క కూతుర్నే చేసుకున్నాడు కనక జగన్నాధానికి ఇటు బావమరిది, అటు అల్లుడు. ఆయన్ని బావా అనాలో మావా అనాలో తేలక ముప్పై మూడేళ్లుగా ఏమీ అనకుండా దగ్గి పిలుస్తున్నాడు. నాలుగు, జగ్గమ్మ అక్క లక్ష్మణమ్మ, నెల్లిమర్లలో ఉంటుంది. అయిదు, జగన్నాధం చెల్లెలు మరిడమ్మ. ఆరు, మరిడమ్మ కొడుకు రమేష్‌బాబు, నరసన్నపేటలో సెల్‌ఫోన్ల కొట్టు.

షరతులు ముందురోజే ఫోన్లలో వచ్చేశాయి. అప్పలసూరి ఇరవై ఏళ్ల కిందట బంగారురాజు సైకిలు పట్టుకెళ్లి గంట లేకుండా తిరిగి తెచ్చాడు. గంట పోయిన నాడే పలకరింపూ పోయింది. కాంతం పెళ్లిలో లక్ష్మణమ్మ వండిన పనసపొట్టు కూరని మరిడమ్మ కుడితి అంది. ఆ కూర ఎప్పుడో అరిగింది గాని మాట అరగలేదు. అప్పలసూరికి పంచదార జబ్బు. తన విస్తట్లో పరమాన్నం వెయ్యనివ్వరని పెళ్లాం విస్తట్లో చెయ్యి పెడతాడు కనక, పక్కన కూర్చోనని కాంతం చెప్పేసింది. రమేష్‌బాబుకి మనుషులతో పేచీ లేదు. ఫోను చార్జింగుకి ప్లగ్గు పక్కన చోటిస్తే చాలు.

సింధు గళ్లు గీసింది, కొట్టేసింది, మళ్లీ గీసింది. నాలుగోసారికి ఆరుగురూ కుదిరారు. జగన్నాధానికి ఆ పిల్ల మీద ఎంత గౌరవం పుట్టిందంటే, అరుగు దిగి నిలబడ్డాడు. గళ్ల కాగితం పందిరి రాటకి కట్టి, షరతుల కాగితం విస్తరాకుల కట్ట మీద రాయి పెట్టి ఉంచారు.

"నువ్వెళ్లి పరీక్ష రాసుకో. ఇక్కడ నాను సూసుకుంటాను," అన్నాడాయన. సింధు రోజూ అసలు పరీక్ష వేళకే రెండున్నర గంటలు నమూనా పరీక్ష రాసుకుంటోంది. పక్కింటి ధనలక్ష్మి మేడ మీద గదిలో తలుపు వేసుకుని, ఫోను ఆపి రాస్తుంది. పెద్దదినమైనా మానొద్దని తాతే తోలాడు. కోడలు సుహాసిని వంటవాళ్ల దగ్గర ఉంది. అంచేత ఆ రెండున్నర గంటలూ ఆ కాగితంలో ఏముందో తెలిసినవాడు ఊరు మొత్తానికి జగన్నాధం ఒక్కడే.

ముందుగా దిగింది రమేష్‌బాబు. బండి స్టాండు వేసి, విస్తరాకుల మీద కాగితం చూశాడు. కాగితం కనిపిస్తే చదవకుండా ఉండలేని మనిషి. మందు సీసాల మీద చీటీలు కూడా మందు తాగేవాడికి ముందే చదివేస్తాడు. అందులో ఇలా ఉంది:

"వరస ఒకటే, మనుషులు ఆరుగురు. కాంతం, అప్పలసూరి: వరస కుదరదు. నాన్న, అప్పలసూరి: వరస తప్పించాలి. లక్ష్మణమ్మ, మరిడమ్మ: ఎడం ఉండాలి. రమేష్‌బాబు: ఎవరితోనూ సంబంధం లేదు. నాన్నమ్మ మాట నిలబడాలని అప్పలసూరిని మార్చేశాం. ఆయనకి తెలియనివ్వకూడదు."

ఆఖరి వాక్యానికి కారణం ఉంది. చివరి చోటికి మార్చారని తెలిస్తే అప్పలసూరి చిన్నబుచ్చుకుంటాడు. ఆ సంగతి కాగితం మీద లేదు.

రమేష్‌బాబు మెల్లగా మేనమామ దగ్గరికి వచ్చాడు. జగన్నాధం దొప్పలు కుడుతున్నాడు.

"మావా, కాంతమ్మొదినకీ సూరన్నకీ వరస కుదరదని రాసున్నాదేటి?"

"ఔను, కుదరదు."

"ఎవులన్నారు?"

"కాంతమే. నిన్న ఫోనులో."

"మరి ఇన్నేళ్లూ?"

"ఇన్నేళ్లూ సర్దుకున్నాది. ఇక నావల్ల కాదంటన్నాది. ఆడు పక్కనుంటే సెయ్యూరుకోదు కదా."

రమేష్‌బాబు ఇంకాస్త దగ్గరికి జరిగాడు. "అత్తకి తెలుసునా?"

"దానికి తెలీకేటి. పోయిందాకా అదే దిగులు. మీరెవులూ పైకి అనకండి, ఈ పూటకి గడిచిపోతే సాలు."

పైకి అనలేదు రమేష్‌బాబు. ఫొటో తీసి, చుట్టాలందరూ ఉన్న వాట్సాప్ గ్రూపులో పెట్టి, కింద ఒక్క ముక్క రాశాడు: "అత్త పోయేముందు చెప్పిందట. మావ ఒప్పుకున్నాడు."

ఆ తరవాత జరిగినవి జగన్నాధానికి ఆలస్యంగా తెలిశాయి గాని, మనకి ఇప్పుడే తెలిస్తే తప్పేం లేదు. ఆ ఫొటో శ్రీకాకుళం దాటిన బస్సులో లక్ష్మణమ్మకి అందింది. ఆవిడకి చదువు రాదు. పక్క సీట్లో శ్రావణి అనే కాలేజీ పిల్ల చదివి వినిపించింది. వినగానే లక్ష్మణమ్మకి ఏమీ అర్థం కాలేదు. అదే సమయానికి కాంతం ఆటోలోంచి ఫోను చేసింది. 

"పెద్దమ్మా, మా వరస తప్పంటన్నారు. అమ్మ సెప్పిందట. నీకు తెలుసునా?"

లక్ష్మణమ్మకి డెబ్భై అయిదేళ్లు. ఈ డెబ్భై అయిదేళ్లలో ఆవిడ ఎన్నో మాటలంది గాని, తెలియదు అన్న మాట ఒక్కసారీ అనలేదు. "తెలుసే," అంది. "మీ అమ్మ నా సేత ఒట్టేయించుకున్నాది." అని ఫోను పెట్టేసి, తనకి తెలిసిందేమిటో అప్పుడు ఆలోచించడం మొదలుపెట్టింది.

ఆలోచిస్తే దొరకనిదేముంది. యాభై అయిదేళ్ల కిందట జగ్గమ్మ తొలి కానుపుకి వంశధార అవతల పుట్టింటికి వెళ్లింది. ఆ నెలలోనే వాళ్లమ్మకీ ఆఖరి కానుపు. ఒకే ఇంట్లో, వారం తేడాలో ఇద్దరు మగపిల్లలు. జగ్గమ్మ పిల్లవాడు మూడోరోజున పోయాడు. వాళ్లమ్మ పిల్లవాడే అప్పలసూరి. జగన్నాధం చూడ్డానికి బయల్దేరితే ఏటికి వరదొచ్చి అయిదురోజులు రేవు కట్టేశారు. దాటి వెళ్లేసరికి మట్టి చెయ్యడం అయిపోయింది. బిడ్డ మొహం ఆయన చూడలేదు.

'మార్చేశాం' అన్న ముక్క శ్రావణి చేత లక్ష్మణమ్మ మూడుసార్లు చదివించుకుంది. మూడోసారి అయ్యాక ఆ పాత కానుపుల సంగతి ఫోనులో నలుగురికీ గుర్తుచేసింది. చుట్టాలు ఎవరికి వారే లెక్క కట్టేశారు. పోయింది జగ్గమ్మ కొడుకు కాదు, వాళ్లమ్మ కొడుకు. అప్పలసూరి జగ్గమ్మ తమ్ముడు కాదు, కడుపున పుట్టినవాడు. అందుకే వరస తప్పు. ఇచ్చిన వాక్యాలన్నీ నిజమనుకుంటే ఈ నిర్ధారణ తప్పనిసరిగా వస్తుంది. ఐసెట్‌లో అయితే పూర్తి మార్కు వేస్తారు.

పదిన్నరకి ఆటో వచ్చి ఆగింది. కాంతం వెనక సీట్లో, అప్పలసూరి డ్రైవరు పక్కన. ముప్పై మూడేళ్ల కాపురంలో వాళ్లు అలా ఎడంగా కూర్చోవడం అదే మొదలు. వెనకాలే మరిడమ్మ, కొడుక్కి ఎవరితోనూ సంబంధం లేదని రాసినవాళ్ల అంతు తేల్చుకోవడానికి. బస్సు దిగి లక్ష్మణమ్మ. అందర్నీ చూసి బంగారురాజు పందిట్లోకి వచ్చాడు. ఎవరూ ఏమీ మాట్లాడలేదు. చావింటికి వచ్చి ఎవరూ మాట్లాడకపోవడం సహజమే కదా అని జగన్నాధం దొప్పలు పక్కన పెట్టి లేచాడు.

అప్పలసూరి ఆయన ఎదుటికొచ్చి నిలబడ్డాడు. దగ్గలేదు.

"నానెవుర్నో సెప్పు," అన్నాడు.

"ఏటిరా?"

"నన్ను మార్చీసినారట కదా. నానక్క తమ్ముణ్ణా, కొడుకునా? రేపు ఈ మనిషికి నానేటవుతాను?" అని కాంతాన్ని చూపించబోయి, చెయ్యి సగంలో దించేశాడు.

జగన్నాధానికి ఒక్కొక్క ముక్కా వినబడింది గాని అన్నీ కలిసి ఒక మాట కాలేదు. రమేష్‌బాబు ఫోను చూపించి, గొంతు తగ్గించి, మొత్తం విప్పి చెప్పాడు. తొలి కానుపు, వరద, ఇద్దరు మగపిల్లలు. "లక్ష్మణమ్మత్తకి ముందే తెలుసట మావా. ఒట్టు వల్ల సెప్పనేదట."

ఆ కాగితం ఎవరు రాశారో, ఎందుకు రాశారో జగన్నాధానికి తెలుసు. ఒక్క మాటతో ఆ గొడవ తుంచెయ్యగలడు. కాని లక్ష్మణమ్మకి తెలుసట, ఆ కానుపుల వేళ ఆవిడ ఆ ఇంట్లోనే ఉందట అన్న మాట దగ్గర ఆయన ఆగిపోయాడు. కాగితం సంగతి వేరు, ఆవిడ సంగతి వేరు. అప్పలసూరి మొహంలోకి చూశాడు. జగ్గమ్మ కనుబొమలు, జగ్గమ్మ గడ్డం. తమ్ముడన్నాక ఉండకేం చేస్తాయి. అవి రోజూ ఉన్నవే. అయినా ఆయన అర నిమిషం పాటు అవే వెతికాడు, ఇంకేమైనా, తనవేమైనా ఉన్నాయా అని. ఆ అర నిమిషం ఆయనకి యాభై అయిదేళ్ల కొడుకు ఉన్నాడు.

"వదినా," అన్నాడు లక్ష్మణమ్మ వైపు తిరిగి. "ఆ గుంటడు నిజంగా పోయినాడా, పోనేదా?"

లక్ష్మణమ్మ చీర కొంగు నోటికడ్డం పెట్టుకుంది. అంతమంది ఆవిడ నోటి వైపే చూస్తున్నారు. బస్సులో కట్టిన కథ అక్కడిదాకా బాగానే వచ్చింది. ఆ ప్రశ్న దగ్గర నడవలేదు.

"పోయినాడు మరిదీ," అంది చివరికి. "మూడో రోజున, పొద్దెక్కినాక. నా ఒళ్లోనే. నీకో పాలి సూపిద్దామని సందేల దాకా ఉంచినాం. ఏరు తగ్గనేదు."

పందిట్లో గాలికి విస్తరాకులు రెండు లేచి పడ్డాయి. మరిడమ్మ, ముప్పై మూడేళ్ల పగ ఉన్న మరిడమ్మ, ఎవరూ చెప్పకుండానే వెళ్లి లక్ష్మణమ్మ భుజం పట్టుకుంది. లేకపోతే ఆవిడ పడిపోయేదే.

"మరి తెలుసన్నావేటి పెద్దమ్మా?" అంది కాంతం ఏడుస్తూనే.

"తెలీదని నానెప్పుడన్నానే."

అప్పుడొచ్చింది సింధు, ఓఎంఆర్ షీటు పట్టుకుని, నూట నలభై ఒకటి సరిగ్గా వచ్చాయని తాతకి చెబుదామని. కాగితం సంగతి వినగానే ఆ పిల్ల రాట దగ్గరికి పరిగెత్తింది.

"వరస అంటే కూర్చునే వరస. బంతి వరస. మార్చామంటే చోటు మార్చాం. నాన్నమ్మ మాటంటే, ఎవరూ విస్తరి ముందునుంచి లేవకూడదని తాత దగ్గర మాట తీసుకుందిట. దానికోసం. నన్ను క్షమించండి," అని గళ్ల కాగితం చూపించింది.



"అయితే నాను నానేనా?" అన్నాడు అప్పలసూరి.

"నువ్వే. పరమాన్నం మాత్రం నీకు నేదు," అంది కాంతం.

రమేష్‌బాబు గ్రూపులో పెట్టిన ఫొటో తీసెయ్యబోయాడు. అప్పటికే దాని కింద పదిహేడు మంది దండాలు పెట్టి ఉన్నారు, ఒకడు పుట్టినరోజు శుభాకాంక్షలు కూడా చెప్పాడు.

సుహాసిని వంటింట్లోంచి వచ్చి, ఆకులు వేసేయమంది. గళ్ల కాగితం రాటకి ఉండిపోయింది గాని దాని వైపు ఎవరూ పోలేదు. ఎవరు ఎక్కడ నిలబడ్డారో అక్కడే కూలబడ్డారు. మరిడమ్మ లక్ష్మణమ్మ పక్కనే కూర్చుంది, పట్టుకున్న భుజం వదిలితే బావుండదని. పొద్దుటినుంచి అప్పలసూరిని అన్నయ్య అనుకుని కళ్లనీళ్లు పెట్టుకున్న బంగారురాజు, ఇప్పుడు మళ్లీ సైకిలు గంట గురించి కోపం తెచ్చుకోవడం కుదరక, అతని పక్కనే కూర్చున్నాడు. కాంతం అటు పక్క కూర్చుని, పరమాన్నం దొప్ప దూరంగా జరిపింది. రమేష్‌బాబు ప్లగ్గుకి ఎంతో దూరంగా, అందరికీ దూరంగా కూర్చున్నాడు. సింధు రాసుకున్న షరతుల్లో ఒక్కటీ మిగల్లేదు. అన్నీ ఒకేసారి తప్పాయి.

జగన్నాధాన్ని కూడా కూర్చోమన్నారు. వరసలో కాకుండా విడిగా, అప్పలసూరికి ఎదురుగా ఏడో ఆకు వేశారు. ముద్దపప్పు వడ్డించారు, నెయ్యి వేశారు. పప్పు దాటింది. దప్పళం వచ్చింది. ఆ ఇంట్లో బంతి పప్పు దాటి దప్పళం దాకా రావడం నలభై ఏళ్లలో అదే మొదటిసారి. జగ్గమ్మ ఉంటే వచ్చి గుమ్మంలో నిలబడి లెక్కపెట్టేది. ఆయనే లెక్కపెట్టాడు. ఆరుగురూ ఉన్నారు. ముద్ద కలిపాడు.

ఆయన విస్తట్లో కూర అయిపోయిందని అప్పలసూరి చూశాడు. పొద్దుటినుంచి ఏడ్చిన మనిషి. బావా అనాలో మావా అనాలో ఎప్పట్లాగే తేల్చుకోకుండా, దగ్గడం కూడా మరిచిపోయి, "నాయినా, కూరెయ్యమంటావా," అన్నాడు.

అన్నాక తానే తెల్లబోయాడు.

జగన్నాధం కలిపిన ముద్ద ఆకులో పెట్టేసి లేచాడు.  ఎంగిలి చేత్తోనే పెరట్లో బోరింగు దగ్గరికి వెళ్లి, పిడి పట్టుకుని నిలబడ్డాడు. పన్నెండు రోజులుగా ఆయన కంట నీరు కారలేదని ఊరంతా గుసగుసలాడుకుంది. ఆ గుసగుసలకి జవాబు ఇప్పుడు పందిట్లోకి వినబడుతోంది. ఎవరో ఒకరు వెళ్లాలని అందరికీ ఉంది. వెళ్లాలంటే లేవాలి. లక్ష్మణమ్మ, మరిడమ్మ, బంగారురాజు, అప్పలసూరి, కాంతం, రమేష్‌బాబు విస్తళ్లలో చేతులు పెట్టుకుని, చల్లారిపోతున్న అన్నం వంక చూస్తూ, ఒక్కరూ కదలకుండా కూర్చున్నారు.

ప్రశ్న ఆరుగురి గురించి కనక, ఏడోవాడు లేచిపోయినా లెక్క తప్పినట్టు కాదు.